ఫ్యాన్ అబద్ధం చెప్పదు

పానకాలు మార్టూరు చేరేసరికి గ్రానైట్ పలకని క్రేన్‌తో లేపేశారు. కింద ఉన్న మనిషిని మాత్రం ఇంకా తీయలేదు. ఎక్కడ పట్టుకుని తీయాలో ఎవరికీ తెలియలేదు.

ఉదయం పదకొండయింది. పాలిషింగ్ యూనిట్‌లో మిషన్లన్నీ ఆపేశారు. రాయి కోసేటప్పుడు పారే తెల్లటి బురదనీళ్ళు నేలంతా పరుచుకుని, ఆ ఒక్కచోట మాత్రం గులాబీ రంగుకి తిరిగాయి.

"రాయిని ఎత్తే బెల్టు తెగింది సార్," అన్నాడు సూపర్‌వైజర్ బుల్లయ్య. పానకాలు మెడలో ఇన్సూరెన్స్ సర్వేయర్ కార్డు వేలాడుతోంది. బుల్లయ్య దాన్ని చూస్తూనే మాట్లాడుతున్నాడు. "ఈయన పేరు గోపాలకృష్ణ. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. యార్డులోకి ఎప్పుడూ రాడు. ఇవాళ ఎవరో ఫోన్ చేసి పిలిచారంట."

"ఎవరు?"

"తెలీదు సార్. ఆ ఫోను కూడా కిందే ఉంది."

పానకాలు బెల్టు ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. రాపిడికి తెగిన బెల్టుకి పీచు లేస్తుంది. దీనికి సగం వెడల్పు దాకా పీచే లేదు. బ్లేడుతో కోసినంత నున్నగా ఉంది. మిగతా సగాన్ని రాయి బరువే తెంపుకుంది.

అతను ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. గోపాలకృష్ణ కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. లోపలి ఫ్యాన్ రైస్ మిల్లులా రొద పెడుతోంది. కీబోర్డు కింద చిన్న నోటుబుక్కు దొరికింది. పొందికైన చేతిరాత. మూడు రోజుల రాతలు.

సోమవారం: సీపీయూ నూరు శాతం. ఆటోమేటిక్ అప్‌డేట్ వల్లేనేమో. సర్వీస్ ఆపాను. ఐదు సెకన్లలో మళ్ళీ అదే మొదలైంది.

మంగళవారం: టాస్క్ మేనేజర్ తెరిస్తే నాలుగు శాతం చూపిస్తోంది. కానీ ఫ్యాన్ మోత తగ్గలేదు. స్క్రీన్ అబద్ధం చెబుతోంది. ఫ్యాన్ చెప్పదు.

బుధవారం: ఇది అప్‌డేట్ కాదు. పైకి చెప్పాను. ఇంకోసారి ఆపి చూడమన్నారు.

ఇవాళ గురువారం. ఈ పేజీ ఖాళీగా ఉంది.

*

ఒంగోలులో పొగాకు గోడౌన్ మీద ఒక గది. బయట బోర్డు మీద 'విత్తన పరిశీలన విభాగం' అని ఉంటుంది. లోపల విత్తనాలు ఉండవు. రాజేశ్వరి ఉంటుంది. పానకాలుకి పై అధికారి, యాభై నాలుగేళ్ళ మనిషి. ఆమె గొంతు పెంచగా ఆ విభాగంలో ఎవరూ వినలేదు. పెంచనప్పుడే భయపడేవారు.

"కూర్చో పానకాలూ. ఆపరేషన్ పేరు తొడిమ."

అతను కూర్చున్నాడు.

"అప్‌డేట్ వేషం వేసుకున్న ఒక ప్రోగ్రామ్ ఈ రెండు జిల్లాల్లో నాలుగు వందల కంప్యూటర్లలో దూరింది. గ్రానైట్ ఆఫీసులు, స్పిన్నింగ్ మిల్లులు, కాలేజీలు. కంప్యూటర్ స్లో అయితే జనం ఏమనుకుంటారు? అప్‌డేట్స్ వస్తున్నాయి అనుకుని టీ తాగడానికి పోతారు. వీడికి అదే కావాలి."

"ఆ ప్రాసెసర్లతో ఏం చేస్తున్నాడు?"

"అన్నిటి బలం కలిపి ఒక్క తాళం పగలగొడుతున్నాడు. గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. దాని అమ్మోనియా ప్లాంటు కంట్రోల్ సిస్టమ్ తాళం. అది ఊడితే ఎమర్జెన్సీ వాల్వు వాడి చేతిలో ఉంటుంది. ట్యాంకులో ఉన్న గ్యాసంతా ఒక్కసారి బయటికి వదలొచ్చు."

"ఎవడు వాడు?"

"గ్రానైట్ కొనే వంకతో వచ్చిన విదేశీయుడు. అసలు పేరు తెలీదు. బయ్యర్ అంటున్నాం. వెనకాల పెద్ద ముఠా ఉంది. ఇది వాళ్ళకి ట్రయల్ మాత్రమే. ఇక్కడ పనిచేస్తే దేశంలో ప్రతి కోల్డ్ స్టోరేజీ మీదా ఇదే ప్రయోగం. మా లెక్క ప్రకారం తాళం రేపు ఉదయం పదిన్నరకి ఊడుతుంది."

"అయితే ప్లాంటు ఇప్పుడే ఆపించండి. జనాన్ని ఖాళీ చేయించండి."

"ఆపితే బయ్యర్ మాయమవుతాడు. ఆఖరి ఆర్డరు మాత్రం వాడే స్వయంగా పంపుతాడు. ఆ ఒక్క క్షణంలోనే వాడి అడ్రస్ బయటపడుతుంది. అందాకా ఏదీ ఆపకూడదు."

"అక్కడ పనిచేసే వాళ్ళుంటారు మేడమ్."

"రెండు వందల నలభై మంది ఆడవాళ్ళు. తొడిమలు తీసే కూలీలు. అందుకే నిన్ను పంపుతున్నాను."

కింద గోడౌన్‌లో ఎవరో పొగాకు బేళ్ళు దొర్లిస్తున్నారు.

"గోపాలకృష్ణ 'పైకి చెప్పాను' అని రాసుకున్నాడు," అన్నాడు పానకాలు. "ఎవరికి?"

"మనకే. సైబర్ కంప్లైంట్ నంబరుకి చేశాడు. ఇంకోసారి ఆపి చూడమని నేనే చెప్పించాను. ఎవరు ఉలిక్కిపడతారో చూడాలనుకున్నాను." ఆమె ఫైలు మూసింది. "ఉలిక్కిపడ్డారు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అందులో ఏమీ దొరకలేదు.

ఆమె బల్లమీద ఒక వక్కపొడి డబ్బా పెట్టింది. పైన నిజంగానే వక్కపొడి ఉంది. అడుగున ఉన్నది మాత్రం నెట్‌వర్క్ ట్రేసర్. కంప్యూటర్ పక్కన పెడితే చాలు, వచ్చే ఆర్డరు ఏ దారిన వచ్చిందో పట్టేస్తుంది.

"అక్కడ మన మనిషి కలుస్తుంది. బిందుమాధవి. ఆటోమేషన్ కన్సల్టెంట్‌గా రేపు హైదరాబాద్ నుంచి మొదటిసారి అక్కడికి వస్తోంది. 'తేజా కాయ ఎండిందా?' అని అడుగు. 'తొడిమ తీస్తే తెలుస్తుంది' అంటుంది."

*

మర్నాడు తొమ్మిదింపావుకి పానకాలు కోల్డ్ స్టోరేజీ గేటు దాటాడు. ఇప్పుడతని పేరు కోటేష్. కంప్యూటర్ మెకానిక్. భుజాన నల్ల బ్యాగు, జేబులో స్క్రూడ్రైవరు.

లోపలికి అడుగుపెట్టగానే ఘాటు గొంతు పట్టుకుంది. రేకుల షెడ్డు కింద ఎర్రటి గుట్టలు. వాటి చుట్టూ ముక్కులకి చీరకొంగులు కట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. చేతులు ఆగకుండా తొడిమలు తుంచుతున్నాయి. పానకాలు నాలుగడుగులు వేసి దగ్గాడు, తుమ్మాడు, మళ్ళీ దగ్గాడు.

"కొత్తోడివా బాబూ?" అంటూ ఒక పెద్దావిడ నవ్వింది. పేరు మస్తాన్‌బీ. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. "మొదటి రోజు అందరికీ అంతే. వారం పదిరోజులు ఈ దుమ్ము మింగితే అలవాటవుద్ది. ఆ కంప్యూటర్‌ని బాగుచేసేది నువ్వేనా? దానికేం మాయరోగమో గానీ గేటు చీటీలు రాక లారీలన్నీ రోడ్డు మీదే నిలబడ్డయ్యి."

"చూస్తానమ్మా."

"చూసేది కాదు, చెయ్యి!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పానకాలు షెడ్డుకి ఎన్ని దారులున్నాయో చూశాడు. ఒక్కటే ఉంది. దానికి అడ్డంగా మిర్చి లారీ నిలబడి ఉంది.

కంట్రోల్ రూమ్ మెట్ల దగ్గర బిందుమాధవి ఎదురైంది. నీలం రంగు మంగళగిరి పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. ఆ ఘాటులోనూ ఆమె సెంటు వాసన విడిగా తెలుస్తోంది.

"తేజా కాయ ఎండిందా మేడమ్?"

"తొడిమ తీస్తే తెలుస్తుంది." చిరునవ్వు. "రండి కోటేష్ గారూ. నేనూ ఇప్పుడే దిగాను. ఈ ఊరు రావడం ఇదే మొదలు."

వాళ్ళిద్దరూ షెడ్డు పక్కగా మెట్లెక్కారు. గాలి తిరిగి ఎర్రటి దుమ్ము ఒక్కసారి మీదికి లేచింది. పానకాలు రెయిలింగ్ పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గాడు. బిందుమాధవి కళ్ళద్దాలు సర్దుకుంది, అంతే. కనీసం గొంతు కూడా సవరించుకోలేదు.

ఇప్పుడే దిగిన మనిషికి దగ్గు రాలేదు. ఈవిడ ఈ దుమ్ము మింగడం మొదలుపెట్టి పదిరోజులు దాటింది. పానకాలు కళ్ళు తుడుచుకుంటూ ఆమె వెనకే నడిచాడు.

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ బాపయ్య ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మౌస్ కదలదండీ. ఒక్క నొక్కు నొక్కి భోంచేసి రావచ్చు. నెలన్నర నుంచి అప్‌డేట్ అవుతానే ఉంది."

"ఎవరన్నారు అప్‌డేట్ అని?"

"అదే రాసుకొస్తంది కదండీ."

పానకాలు వక్కపొడి డబ్బా కంప్యూటర్ పక్కన పెట్టి పనిలోకి దిగాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. టాస్క్ మేనేజర్ మెల్లగా తెరుచుకుంది. సీపీయూ నాలుగు శాతం. మౌస్ చురుగ్గా కదిలింది. అతను సీపీయూ డబ్బా వెనక అరచెయ్యి పెట్టాడు. వేడిగాలి ఎగదన్నుతోంది. ఫ్యాన్ మోత కాసేపటి దాకా తగ్గలేదు. టాస్క్ మేనేజర్ మూయగానే మౌస్ మళ్ళీ బిగుసుకుపోయింది.

బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి వేరే పేరుతో ఉన్న తన టూల్ నడిపాడు. అది చప్పుడు చేయకుండా చూసే కన్ను. 'అప్‌డేట్ హెల్పర్' అనే పేరుతో ఒక ప్రాసెస్ తొంభై ఏడు శాతం తింటూ కనిపించింది. దాన్ని చంపాడు. ఐదు సెకన్లకి మళ్ళీ లేచింది. అప్‌డేట్ హిస్టరీ తెరిచాడు. చివరి అసలు అప్‌డేట్ నలభై నాలుగు రోజుల కిందటిది. నెలన్నరగా అప్‌డేట్ అవుతున్న కంప్యూటర్‌కి నెలన్నరగా ఒక్క అప్‌డేట్ కూడా రాలేదు.

"బాపయ్య గారూ," అంది బిందుమాధవి తియ్యగా. "మా ఇద్దరికీ టీ పట్టుకొస్తారా?"

బాపయ్య లేచి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

పానకాలు మెడ వెనక చల్లటి ఇనుము ఆనింది.

"చేతులు కీబోర్డు మీంచి తీసెయ్యి పానకాలూ."

అతను చేతులు తీశాడు. "పదిన్నరకి కదా. నీకు తొందరేముంది?"

"నాకు తొందర లేదు. పదీ ఇరవైకి నా కారు బయల్దేరుతుంది. నువ్వు ఈ కుర్చీలోనే ఉంటావు."

"కింద రెండు వందల నలభై మంది ఉన్నారు."

"లెక్క నాకు తెలుసు. తక్కువ మంది ఉంటే ట్రయల్ పనికిరాదన్నాడు బయ్యర్."

గోడ గడియారం పదీ నాలుగు చూపిస్తోంది.

అప్పుడు ఫ్యాన్ ఆగింది.

నెలన్నరగా ఆగని రొద ఒక్కసారి మూగబోయేసరికి గది పెద్దదైపోయినట్టు అనిపించింది. ఇద్దరూ స్క్రీన్ వైపు తిరిగారు. నాలుగు వందల కంప్యూటర్ల పని ముగిసింది. తాళం ఊడింది, బయ్యర్ ఆర్డరు వచ్చేసింది. ఎర్రటి పెట్టెలో అక్షరాలు లేచాయి: ఎమర్జెన్సీ వెంట్. అరవై. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది.

అంతలోనే ఫ్యాన్ మళ్ళీ రొద అందుకుంది. ఆ వెంటనే మౌస్ బిగుసుకుపోయింది. ఎవరూ క్యాన్సిల్ నొక్కే వీల్లేకుండా ప్రాసెసర్‌ని నూటికి నూరూ నింపేశారు.

"పదిన్నర అన్నాడు," అంది బిందుమాధవి. "నాకు పదిన్నర అని చెప్పాడు!"

"మా లెక్కలో టైము కూడా అదే. ఎవరికి నిజం చెప్పాలో వాళ్ళకే చెప్పి ఉంటాడు."

ఆమె పిస్టల్ దించేసి తలుపు వైపు ఉరికింది. పానకాలు తల తిప్పలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి పట్టాడు. ఈ ప్రోగ్రామ్‌కి ఉన్న భయం ఒక్కటే, ఎవరైనా చూస్తారేమోనని. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటే చాలు, దొంగ నక్కుతాడు. దొంగ నక్కితే మౌస్ కదులుతుంది.

కానీ తెరుచుకోవాలి కదా. స్క్రీన్ మీద చిన్న నీలం చక్రం తిరుగుతోంది.

"పరిగెత్తు," అన్నాడు పానకాలు. "గేటు దారికి లారీ అడ్డంగా ఉంది. గాలి అటే వీస్తోంది. నీ చెప్పులకి మడమలు కూడా ఎత్తు."

ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది.

నలభై ఒకటి. నలభై. చక్రం తిరుగుతోంది.

"క్యాన్సిల్‌కి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కావాలి. అది మార్చింది నువ్వే. చెప్పు."

"చెబితే నన్ను వదిలేస్తావా?"

"లేదు."

ముప్పై మూడు. కింద షెడ్డులో ఎవరో ఏదో అన్నారు. ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్విన శబ్దం పైదాకా వచ్చింది. సైరన్ మోగాలి. మోగలేదు. దాన్నీ ముందే ఆపేసి పెట్టారు.

ఇరవై రెండు. ఇరవై ఒకటి. చక్రం తిరుగుతోంది.

"బిందుమాధవీ. అమ్మోనియా ముందు కళ్ళని తింటుంది. తర్వాత గొంతుని. చావు మాత్రం నిదానంగా వస్తుంది."

ఆమె గోడకి జారబడింది. ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె చెప్పింది. అతను విన్నాడు. టైపు చేయడానికి ఇంకా పెట్టె తెరుచుకోలేదు.

పద్నాలుగు. పదమూడు.

టాస్క్ మేనేజర్ తెరుచుకుంది.

సీపీయూ నూరు. తొంభై. అరవై. నాలుగు. దొంగ నక్కాడు. మౌస్ ప్రాణం పోసుకుంది. పానకాలు క్యాన్సిల్ నొక్కాడు. పాస్‌వర్డ్ పెట్టె వచ్చింది. ఏడు. ఆరు. వేలు ఒక అక్షరం తప్పింది. చెరిపాడు. మూడు. మళ్ళీ కొట్టాడు. రెండు.

ఎంటర్.

ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది. 'వెంట్ రద్దు చేయబడింది.'

కానీ వాల్వు ఇనుముతో చేసింది. దానికి అంకెలు తెలియవు. కదలమన్న మాట అప్పటికే సగం అందింది. కప్పు మీద గొట్టం ఒక్క తుమ్ము తుమ్మి మూసుకుంది. ఒక్క ఊపిరంత తెల్లటి పొగ మెట్ల వైపు దిగింది.

మెట్ల మీద మూడు టీ గ్లాసులతో బాపయ్య పైకి వస్తున్నాడు.

*

మస్తాన్‌బీ ముందు పరుగెత్తింది. తన తాగేనీళ్ళ బిందెని బాపయ్య ముఖం మీద గుమ్మరించింది. ఇంకొకామె ఇంకో బిందె తెచ్చింది. నీళ్ళు పోస్తూనే ఉన్నారు. అతను కేకలు వేయడం లేదు. "తల్లీ, లైటు వెయ్యండి, లైటు వెయ్యండి," అంటున్నాడు. పట్టపగలు పదింటికి.

అంబులెన్స్ వెళ్ళాక పానకాలు కంట్రోల్ రూమ్‌లో ఫోన్ ఎత్తాడు.

"అడ్రస్ వచ్చింది," అంది రాజేశ్వరి. "చీరాల బీచ్ రిసార్ట్. బయ్యర్‌ని లాప్‌టాప్‌తో సహా పట్టుకున్నాం. ఇడ్లీ తింటున్నాడు. మిగతా ముఠా పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. శభాష్."

"బాపయ్య అనే ఆపరేటర్‌కి రెండు కళ్ళూ పోవచ్చంటున్నారు."

"రెండు వందల నలభై మందికి రెండు కళ్ళు. మంచి లెక్కే. బిందుమాధవి?"

"ఇక్కడే ఉంది. చేతులు కట్టేశాను."

"విప్పెయ్యి. కారు తాళాలు ఇచ్చి పంపించెయ్యి."

"ముఠాలో బయట మిగిలినవాళ్ళు ఆవిణ్ణి బతకనివ్వరు. బయ్యర్‌ని పట్టించింది ఆవిడే అనుకుంటారు."

"అనుకోనీ. సాయంత్రంలోగా రిపోర్టు పంపు." ఫోన్ పెట్టేసింది.

బిందుమాధవి నేలమీద కూర్చుని ఉంది. పట్టుచీర నిండా మిరప దుమ్ము. తాళాలు అతని చేతిలో చూడగానే ఆమెకి అర్థమైంది.

"నన్ను అరెస్ట్ చెయ్యి," అంది. "దణ్ణం పెడతాను పానకాలూ. జైల్లో పడెయ్యి. వదలొద్దు."

"ఆర్డరు లేదు."

"ఎందుకు లేదో తెలుసా? మార్టూరు గోపాలకృష్ణ పేరు బయ్యర్‌కి చెప్పింది నేనే. నాకు ఆ పేరు చెప్పింది ఎవరు? మీ మేడమ్. నేను రెండు వైపులా పనిచేస్తున్నానని ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. వాళ్ళ దగ్గర నా పరపతి పెరగాలి, వాళ్ళు నన్ను నమ్మి ముఖ్యమైన పని అప్పజెప్పాలి, అందుకు ఒక తల కావాలి. ఆ తల ఆవిడే ఇచ్చింది. ఆవిడ ఆ పేరు చెప్పిన ఫోన్ మాటలు నా దగ్గర రికార్డై ఉన్నాయి. నేను చస్తే అవీ చస్తాయి."

తెల్లబురదలో గులాబీ రంగు మరక కళ్ళముందు కదిలింది. స్లోగా ఉన్న కంప్యూటర్‌ని బాగుచేయడం తప్ప ఏ పాపమూ ఎరగని మనిషి. నోటుబుక్కులో రాతలు కూడా ఎంతో శ్రద్ధగా రాసుకున్న మనిషి.

అతను తాళాలు తన జేబులోనే వేసుకున్నాడు. ఆమెని లేపి, కట్టేసిన చేతులతోనే మెట్లు దింపాడు. షెడ్డులో ఆడవాళ్ళు మళ్ళీ గుట్టల చుట్టూ కూర్చున్నారు. ఇవాళ ఎవరూ నవ్వడం లేదు. లారీ అడ్డం తీశారు.

కారు గుంటూరు కోర్టు దారి పట్టింది. మేజిస్ట్రేట్ ముందు ఆమె చేత వాంగ్మూలం ఇప్పించడానికి పన్నెండింటి దాకా టైముంది. నల్లపాడు దాటుతుండగా ఫోన్ మోగింది. మూడోసారికి ఎత్తాడు.

"పానకాలూ, వదిలేశావా?" రాజేశ్వరి గొంతు పెరిగింది. ఆమె గొంతు పెరగడం అతను వినడం అదే మొదటిసారి. "ఎక్కడున్నావ్? నా ఆర్డరు అందిందా లేదా?"

వెనక సీట్లో బిందుమాధవి ముందుకి వంగింది. పానకాలు గేరు మార్చాడు.

"అందుతోంది మేడమ్. తొంభై తొమ్మిది శాతం అయింది. దయచేసి స్విచాఫ్ చేయకండి."